టేపుతో గీసిన కోర్టు

బఫెలో నగరంలో ఇళ్ల తగాదాల కోర్టు భవనానికి ముప్పై ఏళ్ల కిందట ప్లాను గీసినవాడు లైమన్ కెర్విన్. ఆయన ఆఫీసులో ఆరేళ్లు పనిచేసి, ఒక ఉదయం అందరి ముందూ ఉద్యోగం పోగొట్టుకున్నది రోవెనా జబ్లోన్. తను గీసిన మెట్లదారి కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చిన తీరు ఆమె మరిచిపోలేదు.

తర్వాత ఆమె భవనాలు మానేసి వెబ్‌సైట్లకు ప్లాన్లు వేయసాగింది. ఏ పేజీలోంచి ఏ పేజీకి దారి ఉండాలి, వచ్చిన మనిషికి ముందు ఏది కనిపించాలి అన్నదే ఆమె పని. పదకొండేళ్లు గడిచాక అదే కోర్టు కొత్త వెబ్‌సైటు కోసం ఆమెను పెట్టుకుంది. సలహా కమిటీలో కెర్విన్‌నూ కూర్చోబెట్టింది.

ఆయన మొదటి సమావేశానికే తన ప్లాను తెచ్చాడు. వెబ్‌సైటు భవనంలాగే ఉండాలన్నాడు. మొదట స్తంభాల బొమ్మ, తర్వాత కోర్టు చరిత్ర, తర్వాత జడ్జీలు, ఆ లోపల శాఖలు. మనిషి గౌరవంతో లోపలికి రావాలట. రోవెనా ప్లానులో మొదటి పేజీలో ఒకే ప్రశ్న ఉంది: మీ చేతికి ఏం వచ్చింది? నోటీసా, వాయిదా తేదీయా, తీర్పా? దాని కింద మూడు తలుపులు.

"ఇది కోర్టా, బర్గర్లమ్మే కిటికీయా?" అన్నాడాయన, కమిటీ వైపు చూస్తూ. ఆమె పేరు ఆయన నోట రాలేదు. "ఆ అమ్మాయి" అనేవాడు. ఆమె కూడా ఆయన మొహం చూడకుండా గోడతో మాట్లాడినట్టు మాట్లాడేది. మూడు సమావేశాలు అలాగే నడిచాయి.

నాలుగోది శనివారం, కోర్టుకు సెలవు రోజున, కింది హాల్లోనే పెట్టించింది రోవెనా. పాలరాతి నేల మీద నీలం టేపుతో కెర్విన్ ప్లానును నిలువెత్తు మనిషి నడిచేంత సైజులో గీసి ఉంచింది. ఒక్కో పేజీ ఒక్కో గది. లింకు ఉన్నచోట టేపు తెగి ఉంటుంది. ఆ పేజీలో రాసి ఉన్నదంతా ఒక కాగితం మీద ఆ గదిలో పడి ఉంటుంది. ఇల్లు ఖాళీ చేయమనే నోటీసు ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"మీరు అద్దెదారు. జవాబు ఫారం దొరికేదాకా నడవండి."

ఆయన మోకాలు పాడైంది, చేతికర్ర పట్టుకు నడుస్తాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒక్కో కాగితం చదవాలంటే వంగాలి. తెలిసే కుర్చీ ఎక్కడా వేయించలేదు.

ఆయన స్తంభాలు దాటాడు, చరిత్ర దాటాడు, జడ్జీల గదిలో ఒకసారి వెనక్కి తిరిగాడు. శాఖల్లోంచి ఉపశాఖలోకి, అక్కణ్ణించి ఫారాల గదిలోకి వెళ్లాడు. అక్కడ నలభై ఫారాలకు నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు. చివరికి ఏ వైపూ టేపు తెగని గదిలో నిలబడిపోయాడు. కమిటీలో ఎవరో దగ్గారు. ఆయన చెవులు ఎర్రబడడం చూసి రోవెనాకు కడుపు నిండినట్టయింది. ఆ తృప్తిని దాచుకోలేదు కూడా.

"నీదేది?" అన్నాడు కెర్విన్ ఎట్టకేలకు.

ఆమె ప్లాను మెట్ల పక్కన పసుపు టేపుతో ఉంది. ఆమె అటు కదలబోతే చేతికర్ర అడ్డం పెట్టాడు. "నువ్వు కాదు. నీకు దారి తెలుసు. ఆవిణ్ణి నడవనీ."

ఆవిడ ఓపల్. ఇరవై ఏళ్లుగా కోర్టు కౌంటరు కిటికీ వెనక కూర్చుంటున్న గుమాస్తా, ఆ రోజు తలుపులు తీయడానికి వచ్చింది. నడుస్తాను గానీ మొన్న గురువారం కిటికీ దగ్గరికొచ్చిన మనిషిలా నడుస్తాను అంది ఓపల్. అతని అక్క చనిపోయింది. తమ్ముడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. నోటీసేమో అక్క పేరు మీద వచ్చింది.

ఓపల్ నోటీసు తలుపులోంచి చకచకా వెళ్లింది. తర్వాతి గదిలో కాగితం వంగి చదివింది: నోటీసు మీ పేరు మీదే ఉందా? లేదన్న వైపు తిరిగింది. అక్కడ ఒకే వాక్యం ఉంది, ఈ నోటీసు ఎవరిదో వారికి అందజేయండి అని. చుట్టూ టేపు ఎక్కడా తెగలేదు.

"తల్లీ, ఆవిడ స్మశానంలో ఉంది. అక్కడికెళ్లి ఇవ్వమంటావా?"

కెర్విన్ నవ్వాడు. తను కట్టిన హాలు ఆ నవ్వును పైకప్పు దాకా మోసింది. రోవెనా వంగి ఆ కాగితం మళ్లీ చదివింది.

"నవ్వకండి," అంది ఓపల్ ఆయన వైపు తిరిగి. "ఇలాంటోళ్లు రోజుకి నలుగురొస్తారు నా కిటికీకి. మీ ఇద్దరి కాగితాల్లో వాళ్లలో ఒక్కరూ లేరు."

తర్వాతి వారం రోవెనా మూడు రోజులు ఓపల్ వెనక స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ల మాటలన్నీ రాసుకుంది. ప్లానులో నాలుగో తలుపు పెట్టింది: ఇవేవీ కావు. దాని వెనక మనిషే తీసే ఫోను నంబరు ఉంటుంది. ఈలోగా పాలరాయి పాడైందని కెర్విన్ కోర్టుకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం పుణ్యాన ఆమె మోకాళ్ల మీద కూర్చుని టేపు జిగురంతా గీకాల్సి వచ్చింది.

ఆమె ప్లాను ఏడు ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడ్డ ఒక్క ఓటు ఎవరిదో చెప్పక్కర్లేదు. బయటికొస్తుంటే వరండాలో ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"పనికొచ్చేది ఆ నాలుగో తలుపొక్కటే. అది గుమాస్తాది, నీది కాదు."

"అవును, ఆవిడదే," అంది రోవెనా. "ఇరవై ఏళ్లుగా ఆవిడ మీ భవనంలోనే ఉంది. మీరు అడిగారా?"

ఆయన చేతికర్ర చప్పుడు చేసుకుంటూ లిఫ్టు వైపు నడిచాడు. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా ఆగి, ఆమె మెట్లు దిగింది.