తర్వాతి తనిఖీ

లిఫ్టులు బాగుచేసే మనిషి లిఫ్టు లేని మేడలో, అదీ మూడో అంతస్తులో ఉండటం చూసి తోటి మెకానిక్కులు నవ్వుతుంటారు. ఒకప్పుడు అతనూ నవ్వేవాడు. ఇప్పుడు ఓపిక లేదు. పొద్దంతా ఏదో ఆఫీసు మేడ అడుగున గుంటలోకి దిగి, గ్రీజులో మోచేతుల దాకా మునిగి, ఇంటికి చేరేసరికి ఒళ్ళు హూనమైపోతుంది. అలాంటివాడు వారం రోజులుగా మెట్లెక్కి వచ్చి, కాళ్ళు పీకుతున్నా కూర్చోకుండా, మళ్ళీ స్క్రూడ్రైవర్ పట్టుకుంటున్నాడు. ఎందుకయ్యా అంటే, ఒక పిల్లి కోసం.

ఆ పిల్లి అతనిది కాదు, అక్కది. దాని పేరు దొరసాని. పదకొండేళ్ళుగా ఆ పేరుకు తగ్గట్టే బతుకుతోంది. అక్క కడుపులో గడ్డ ఉందని, కోసి తీసెయ్యాలని డాక్టరు తేల్చాడు. అక్క రెండుసార్లు తేదీ మార్పించింది. మొదటిసారి, దొరసానిని ఎవరు చూస్తారంది. నేను చూస్తానని తమ్ముడన్నాక, నీది పిల్లి ఉండదగ్గ ఇల్లేనా అంది. తను వచ్చి కళ్ళారా చూసి, సరేనన్నాకే ఆసుపత్రిలో అడుగు పెడుతుందట. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. మూడోసారి వాయిదా పడితే ఇక కోసి లాభం ఉండదని డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. అక్క అంతా విని, కిటికీలకు వల కొట్టించావా అని తమ్ముణ్ణి అడిగింది.

ఆపరేషన్ శుక్రవారం. తనిఖీ బుధవారం సాయంత్రం.

అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే. లిఫ్టును ఎలా చూస్తాడో ఇంటినీ అలాగే చూశాడు. నేల మీద బోర్లా పడుకుని సందులన్నీ టార్చి వేసి వెతికాడు. సింకు కింద పైపు దూరే కన్నం మూశాడు. కిటికీలకు ఇనుప వల బిగించి, వేలితో గుంజి చూశాడు. వేలాడే వైర్లన్నీ గొట్టాల్లో దూర్చాడు. లిల్లీ పూలు పిల్లికి విషమని ఎవరో చెబితే, పెళ్ళాం ఉన్న రోజుల నుంచి పెంచుతున్న కుండీని కింది అంతస్తు టీచరమ్మకు ఇచ్చి వచ్చాడు. ఆ ఒక్క పనికి మాత్రం మనసు చివుక్కుమంది. పిల్లి దొడ్డికి వెళ్ళడానికి తొట్టి కొన్నాడు, అందులోకి ఇసుక కొన్నాడు, గిన్నెలు కొన్నాడు. ఆఖరికి తన టేబులు కిందే ఒక చెక్కపెట్టెను అడ్డంగా పెట్టి, దొరసానికి గది తయారు చేశాడు.

పెట్టెలో పరవమని అక్క ఆదివారమే ఒక పాత బొంత పంపింది. దాని నిండా వెంట్రుకలు, కంపు. పాత జిడ్డు మీద కొత్త సామాను బిగించకూడదన్నది అతని వృత్తిలో మొదటి పాఠం. వేడినీళ్ళలో రెండుసార్లు నానబెట్టి, డెట్టాలు వేసి ఉతికి ఆరేశాడు. మడత పెడుతుంటే, ఈ ఒక్కదానికైనా అక్క మెచ్చుకుంటుందని అనిపించింది.

బుధవారం అక్క వచ్చింది. ప్రతి అంతస్తు దగ్గరా మెట్టు మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కింది. చెయ్యి పట్టుకుంటానంటే విదిలించేసింది. రెండు నెలల్లో మనిషి సగమైంది. చలి లేకపోయినా స్వెటరు వేసుకుంది. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

లోపలికి వస్తూనే తప్పులు పట్టడం మొదలుపెట్టింది. వాషింగ్ మెషిన్ తలుపు బార్లా తెరిచి ఉంది, అందులో దూరి పడుకుంటే ఎవరు చూస్తారంది. చెత్తబుట్టకు మూతేదంది. పనిముట్లన్నీ చేతికి అందేలా ఒక్కచోటే పెట్టుకునే అలవాటుతో అతను తిండిగిన్నె, నీళ్ళగిన్నె, ఇసుకతొట్టి వరసగా పెట్టాడు. అది చూసి ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒరే చిన్నోడా, నువ్వు కక్కసులో కూర్చుని భోంచేస్తావా?"

యాభై రెండేళ్ళ చిన్నోడు తొట్టిని తీసుకెళ్ళి రెండో గదిలో పెట్టాడు. మెషిన్ తలుపు మూశాడు. చెత్తబుట్ట మీద పళ్ళెం బోర్లించాడు. తల ప్రాణం తోకకొచ్చింది. అయినా ఇవన్నీ చిటికెలో సరిచేసే తప్పులే కదా అని ధైర్యం చెప్పుకున్నాడు.

అక్క మెల్లగా వంగి, పెట్టెలో చెయ్యి పెట్టి, బొంత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది.

"ఉతికావా?"

"మాసిపోయిందని..."

"దాని వాసన, నా వాసన ఉందనేరా పంపింది. కొత్త ఇంట్లో పిల్లి భయపడకుండా ఉండేది దాంతోనే. నువ్వు ఆసుపత్రి వాసన పట్టించావు."

ఇది చిటికెలో పోయే తప్పు కాదు. బొంతను వెనక్కి తీసుకెళ్ళి, దొరసాని దాని మీద మళ్ళీ పది రోజులు పడుకోవాలంటుంది అక్క. శుక్రవారం దాటిపోతుంది. వారం రోజుల చాకిరీ, డాక్టరు మాట, అన్నీ రెండు బకెట్ల వేడినీళ్ళలో పోశానని అతనికి అర్థమైంది. కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నాళ్ళ అలుపూ ఒక్కసారిగా మీద పడింది.

అక్క ఆ వాయిదా మాటే అనబోయిందో ఏమో, నోరు తెరిచింది. అంతలో ఆవిడ చూపు పెట్టె లోపలి గోడ మీద పడింది. అక్కడ ఒక అట్టముక్క అంటించి ఉంది. బాగుచేసిన ప్రతి లిఫ్టులోనూ అతను పెట్టే కార్డే అది. చేసిన పని, చూసినవారు, తేదీ. అలవాటుగా దొరసాని గదికీ పెట్టేశాడు. కింద "తర్వాతి తనిఖీ", "చూసేవారు" అన్నచోట్ల ఏమీ రాయలేదు.

"ఇది ఖాళీగా ఉందేం?"

"తర్వాత రాద్దామని."

"ఖాళీగా ఉంటే మీ వాళ్ళు లిఫ్టు నడపనిస్తారా?"

"నడపనివ్వరు." అతను తల దించుకున్నాడు. "రాయబోయాను. చెయ్యి రాలేదు. భయమేస్తోందక్కా."

అక్క పెట్టె పక్కనే నేల మీద కూర్చుంది.

"పిల్లిదేముందిరా, ఎక్కడైనా పడుకుంటుంది," అంది. "నాకే భయం. అందుకే వారం రోజులుగా నీ చేత సందులు మూయిస్తున్నాను. ఇంకేం వంక దొరుకుతుందా అని దారి పొడుగునా వెతుక్కుంటూ వచ్చాను. ఇప్పుడు మంచి వంకే దొరికింది."

అతనికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఆవిడ ఒక్కొక్క చెయ్యీ లాక్కుంటూ స్వెటరు విప్పింది. దాని మీదా వెంట్రుకలున్నాయి. మడత పెట్టకుండానే పెట్టెలో పరిచి, మధ్యలో చేత్తో గుంటలా నొక్కింది.

"దీన్ని మాత్రం ఉతకకు. రేపు దొరసానిని తెచ్చుకో. పెన్నియ్యి."

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ కార్డు మీదకు వంగి, శుక్రవారం నుంచి తను కోలుకునే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఖాళీగా ఉన్నచోట ఒక తేదీ వేసింది. చూసేవారు అన్నచోట తన సంతకం పెట్టింది. ఆ రోజుకు చెత్తబుట్టకు మూత లేకపోతే ఊరుకోనని చెప్పింది.

అతను కళ్ళు తుడుచుకుని చూశాడు. ఆ తేదీ ఆదివారం నాడు పడింది. అతని వృత్తిలో ఆదివారం తనిఖీలు ఉండవు. ఆ సంగతి అక్కకు చెప్పకుండా, కింద తన సంతకం పెట్టాడు.