ఉన్ని మడమ

కొత్త కాలు వచ్చిన వారంలోపే గుల్‌చెహ్రా దాన్ని పరుపుల దొంతరలో దాచేసింది.

మజార్ పట్టణంలో పెట్టుడు కాళ్ళు చేసే కేంద్రంలో ఆ కాలు తొడుక్కుని, బూట్లేసుకుని అద్దం ముందు నడిచిన రోజు ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మందుపాతర ఆమె కాలినీ, పక్కన నడుస్తున్న మొగుణ్ణీ ఒక్కసారే తీసుకుపోయాక నిటారుగా నిలబడటం అదే మొదలు. కాలు చేసిన ఫరంగీస్‌ది కూడా పెట్టుడు కాలే. పైజామా పైకి లాగి చూపించి మరీ ధైర్యం చెప్పింది.

తంటా ఇంటికొచ్చాకే మొదలైంది. గడప దగ్గర బూట్లు విప్పితే చాలు, ఆ కాలు మనిషిని వెనక్కి తోసేది. వెల్లకిలా పడింది కూడా. ఇక తందూరు మాట చెప్పనే అక్కర్లేదు. వీధి ఆడవాళ్ళు తెచ్చే పిండిముద్దలను రొట్టెలుగా కాల్చి ఇస్తేనే ఆ ఇల్లు గడిచేది. రొట్టె ఉన్న చోట చెప్పు పెట్టడం అక్కడ ఎవరూ కలలో కూడా చెయ్యరు. నిప్పుల గుంత అంచున వట్టి కాళ్ళతో నిలబడి వంగాలి. తూలితే నేరుగా నిప్పుల్లోకే. తందూరు చల్లారి అప్పటికే ఏడాది దాటింది.

అత్త సనోబర్ బీబీది ఊరుకునే నోరు కాదు. "గుడ్డనుకున్నావా, పరుపుల్లో పెట్టి పొదిగిస్తున్నావు?" అనేది. అంత మంచి మనసుతో ఇచ్చిన కాలిని బాగాలేదని ఎలా అనడం? అదీ గుల్‌చెహ్రా బాధ.

కాళ్ళు తీసుకున్న వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసి రావడం కేంద్రం వాళ్ళ పద్ధతి. ఫరంగీస్ వచ్చింది, కాలు తెమ్మంది, వట్టి పాదాలతో నడిపించింది. గుల్‌చెహ్రా వెనక్కి వాలి ఆమె చేతుల్లోనే పడింది. ఫరంగీస్ నెత్తి కొట్టుకుంది.

"తప్పు నాదేనక్కా. బూటు మడమ ఎత్తు చూసి బిగించాను. బూటు విప్పితే మడమ కిందికి పోయి మనిషి వాలిపోదూ? నేనైతే గడపలోనే కాలు తీసేసి గెంతుకుంటూ పోతాను. అందుకే తట్టలేదు."

వట్టి పాదానికి సరిపడేలా మారిస్తే బురదలో బూట్లతో నడవడం కుదరదట. ఇంట్లోకి వేరే చెప్పులు పెట్టుకోమంది. రొట్టె దగ్గరికి చెప్పులా అని అత్తాకోడళ్ళిద్దరూ తలలు అడ్డంగా ఊపారు.

బీబీ లేచి మూలకు వెళ్ళింది. అక్కడ ఆమె నమాజు చేసుకునే ఉన్ని చాప ఉంది, తల్లి చేత్తో చేసింది. మందుపాతరకు బలైన ఆ కొడుకు అంతకు ముందు యుద్ధానికి వెళ్ళినప్పుడు, తిరిగి రావాలని ఏళ్ళ తరబడి దానిమీదే మోకరిల్లింది. కత్తెర తీసి, పాదాలుండే వైపు ఒక మూల కోసేసింది. మడతపెట్టి, ఆ కాలికి తొడిగే మేజోడు మడమలో కుట్టింది. ఫరంగీస్ వేళ్ళతో ఎత్తు చూసి ఇంకో మడత వెయ్యమంది.

"ఇది చెప్పు కాదు," అంది బీబీ ఎవరూ అడగకముందే. "నా నమాజు చాప. రొట్టె పక్కన దీన్ని చూసి ఎవరేమంటారో నేనూ వింటాను."

మర్నాడు తందూరు రాజుకుంది. గుల్‌చెహ్రా అంచున నిలబడి, వంగి, పిండి చరిచి, తూలకుండా లేచింది. ఫరంగీస్‌ను ఆమె నోరారా దీవించింది. తొలి రొట్టె మాత్రం తీసుకెళ్ళి అత్త ఒళ్ళో పెట్టింది.

బీబీ దాన్ని కళ్ళకద్దుకుంది. "అంచు మాడింది. ఇంకోటి వెయ్యి," అంది.

మధ్యాహ్నం నమాజుకు ఆమె ఒక పాదం చాపమీద, ఒక పాదం వట్టి నేలమీద పెట్టి నిలబడింది.