మూడో స్తంభం

ఊళ్లో వంతెనల బొమ్మలున్న పాత పోస్టుకార్డులు అరవై దాకా పోగయ్యాయనీ, ప్రదర్శనకు పెట్టేముందు వాటిని వరుసగా పేర్చి పెట్టమనీ గ్రంథాలయం చూసే అమ్మాయి కబురు పెట్టగానే ఓవర్సీరు కళ్లజోడు తుడుచుకుని బయల్దేరాడు. రోడ్లూ వంతెనలూ చూసే ఉద్యోగం వదిలి పదహారేళ్లయినా అందరికీ ఆయన ఓవర్సీరే. ఆమెకు మాత్రం బాబాయ్. ఆమె తండ్రి ఇనుప వంతెన కాపలాదారు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ ఉండేది.

మొదట్లో సరదాగానే సాగింది. చెక్క వంతెన కార్డులు ఒక పక్కకి, ఇనుప వంతెనవి మరో పక్కకి. దీపస్తంభాలు లేనివి ముందు, ఉన్నవి తర్వాత. కమ్మీలకి పచ్చరంగు వేయించింది తనేనని గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఆ తర్వాత ఒకే చోటు నుంచి తీసిన రెండు కార్డులు చేతికొచ్చాయి. ఒకదాంట్లో ఇనుప వంతెన మూడో స్తంభం మొదట్లో రాళ్ల కట్టు నిండుగా ఉంది. రెండోదాంట్లో ఆ రాళ్లు లేవు. ఏరు అడుగంటిన ఎండాకాలం కాబట్టి పునాది కింద మనిషి దూరేంత గుల్ల స్పష్టంగా కనిపిస్తోంది. వెనక్కి తిప్పి తపాలా ముద్ర చూశాడు.

ఆ ముద్ర పడిన నెల రోజులకే, ఏటికి కొత్తనీరు వచ్చాక, ఆయన వంతెన తనిఖీ చేశాడు. చేశాడంటే, పడవవాడు రాలేదని గట్టు మీద నుంచే నాలుగు చూపులు చూసి, స్తంభాలన్నీ దగ్గరగా పరీక్షించాను, దిట్టంగా ఉన్నాయని రాసి సంతకం పెట్టాడు. వానల్లో ఇటుకల లారీతో సహా మూడో స్తంభం కూలింది. డ్రైవరు కొట్టుకుపోయాడు. స్తంభాలు బాగున్నాయని కాగితం చెబుతుంటే తప్పు బరువుదే అయింది, పరిమితికి మించిన బరువున్న లారీని వదిలిన కాపలాదారుదే అయింది. అతని ఉద్యోగం పోయింది. పైగా లంచం తిన్నాడన్న మాట పుట్టింది. విచారణలో ఓవర్సీరు అబద్ధం ఆడలేదు. అడగలేదు కాబట్టి నోరు విప్పలేదు, అంతే.

అమ్మాయి లోపలి గదిలోకి వెళ్లగానే ఆయన ఆ కార్డును చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు. ఇంటికి ఎలా చేరాడో తెలియదు. తేలు కుట్టిన దొంగలా రెండు రోజులు ఇంట్లోనే ఉండిపోయాడు. ఒంట్లో బాగాలేదా అని భార్య అడిగితే అవునన్నాడు. చింపేద్దామని ఒకసారి కార్డు మూల మడిచాడు కూడా.

మూడో రోజు పొద్దున్నే అమ్మాయి గ్రంథాలయం తలుపు తీసేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కార్డు ఆమె చేతిలో పెట్టి, దాచకుండా మొత్తం చెప్పాడు.

ఆమె కార్డును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఆ గుల్ల చూసింది.

"మా నాన్న లారీ బరువు చీటీ చూశాకే వదిలానని పోయేదాకా అంటూనే ఉన్నాడు. అమ్మ కూడా సగమే నమ్మింది," అంది.

"నాకు తెలుసమ్మా."

"మీరు రోజూ గోడ అవతలే ఉండేవారు కదా బాబాయ్."

ఆయన క్షమించమని అడగబోయాడు గానీ, ఆ మాట కూడా తన మనసు తేలిక కోసమేననిపించి ఊరుకున్నాడు.

ఆమె తెల్ల అట్టముక్కా, కలమూ తెచ్చి ముందు పెట్టింది. "నాతో చెప్పిందే రాయండి. కింద సంతకం పెట్టండి."

ఆయన రాశాడు. ఎవరిది తప్పో రాసేచోట ఒకసారి ఆగి, తన పేరు రాశాడు.

ప్రదర్శన మొదలైన రోజు జనం ఆ రెండు కార్డులూ, వాటి కింద ఆయన రాసిన అట్టా ఉన్న చోటే ఎక్కువసేపు నిలబడ్డారు. కొందరు ఓవర్సీరుని పలకరించడం మానేశారు. లారీ డ్రైవరు తమ్ముడు వచ్చి చదివి, ఆయన వైపు చూడకుండా వెళ్లిపోయాడు. తండ్రి మీది నింద కొట్టేయమని అమ్మాయి పెట్టిన అర్జీలో సాక్షిగా ఆయనే సంతకం చేశాడు. ఏడాది తర్వాత కొట్టేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆమె దాన్ని ముందు తల్లికి చదివి వినిపించింది. ఆయనకు వారం తర్వాత ఎవరో చెబితే తెలిసింది.