పొద్దున ఆరింటి 'గారు'

పాలమూరు పల్లెల్లో 'గారు' అనే మాట పెండ్లి పత్రికల మీద కనబడాల్సిందే తప్ప నోట పెద్దగా వినబడదు. ఉన్నోళ్లను సారు అంటారు, పటేలా అంటారు. లేనోళ్లను పిలవడానికి ఒక చప్పట చాలు. మైసయ్య యాభై ఆరేళ్ల బతుకులో ఆయన్ని మైసిగా అన్నవాళ్లున్నారు, ఏయ్ వాచ్‌మన్ అన్నవాళ్లున్నారు. చనిపోయిన భార్య ఈదమ్మ 'ఏందయ్యో' అనేది, అది ఆయనకు చాలు. 'మైసయ్య గారు' అన్నది మాత్రం ఒక్క ఫోనే.

షాద్‌నగర్ అంచున పైపుల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయనది పగటి కాపలా. ఈదమ్మ పోయిన మరుసటేడు ఒక సిమ్ము కంపెనీ స్కీము పెట్టి అమ్ముతుంటే ఆ ఫోన్ కొన్నాడు. తెరవగానే కంపెనీ బొమ్మ వస్తుంది. వేరే కంపెనీ సిమ్ము వేస్తే మొహం తిప్పుకుంటుంది. ముందే కుక్కి పంపిన యాప్‌లు ఇరవై దాకా ఉంటాయి, ఒక్కటీ తీయరాదు. వాటిలో ఒకటి రోజూ పొద్దున ఆరింటికి గొంతు విప్పుతుంది. "శుభోదయం, మైసయ్య గారు. బాగా నిద్రపోయారా?" ఆ తర్వాత ఎండ ఎంతుంటుందో, ఏ రీఛార్జి చేసుకుంటే లాభమో చెప్పుకుపోతుంది. ఆడగొంతు, పలుకు కోస్తా వాళ్లది.

మొదటి రోజు మైసయ్య మంచం మీంచి దిగ్గున లేచి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత తనకే నవ్వొచ్చింది. ఫోన్ కొన్న ప్రతి ఒక్కరినీ అది అట్లాగే పిలుస్తుందని ఆయనకు తెలుసు, ఆయనేమీ వెర్రివాడు కాదు. కానీ ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. కిరాయి గదిలో ఒక్కడే పడుకుని లేచే మనిషిని బాగా నిద్రపోయారా అని అడిగే దిక్కు ఉండడం చిన్న సంగతా? "మంచిగనే పండుకున్న తల్లీ" అని రోజూ జవాబు చెప్పేవాడు. ఆ వెంటనే రీఛార్జి గోల మొదలవుతుంది కాబట్టి నొక్కి ఆపేసేవాడు.

ఈ ఎండాకాలం గార్డుల ఏజెన్సీ కొత్త రూలు తెచ్చింది. రిజిస్టర్లో సంతకాలు బంద్, ఫోన్‌లో యాప్ తెరిచి మొహం చూపిస్తేనే హాజరు. మైసయ్య ఫోన్‌లో ఆ యాప్ ఎక్కనే లేదు. నాలుగు రోజులు గేటు దగ్గర ఎండలో నిలబడి కూడా ఆబ్సెంటే అయ్యాడు. ముప్పై నిండని సూపర్‌వైజర్ గోపీకృష్ణ బండి దిగకుండానే చెప్పాడు.

"మైసయ్యా, సోమవారం దాంక చూస్త. యాప్ వస్తే సరి, లేకుంటే గేటు మీద ఇంకొకన్ని పెట్టుకుంట."

ఆ వయసులో ఇంకో గేటు దొరకదని ఇద్దరికీ తెలుసు.

శనివారం సాయంత్రం బస్టాండు ఎదురుగా ఫోన్లు బాగుచేసే జానీ దగ్గరికి పోయాడు. జానీ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది కంపెనీ ఫోను కాకా. కిరాయి ఇల్లు లెక్క. గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడగాలె. గిదే ఫోను బయట కొన్నోళ్లకు, తయారుచేసినోళ్లే సీదా కొత్త సాఫ్ట్‌వేర్ పంపిస్తరు. నీకేమో నడుమ సిమ్ము కంపెనీ ఒప్పుకుంటేనే వస్తది. వాళ్లు ఒప్పుకుంటలేరు, నీ యాప్ ఎక్కుతలేదు."

"మరెట్ల?"

"కంపెనీది మొత్తం కడిగేసి, బయటి ఫోన్ల సాఫ్ట్‌వేర్ ఎక్కిస్త. నీ స్కీము గడువు అయిపోయింది, తాళం తీసుడుకు ఫికర్ లేదు. ఇగ ఏ సిమ్మైనా నడుస్తది. పొద్దుగాల్ల గా ఆడామె లొల్లి గూడ పోతది."

జానీ దాన్ని శుభవార్తగానే చెప్పాడు. మైసయ్య చెయ్యి చాపి ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

"గదొక్కటి ఉంచరాదా బిడ్డా?"

"అంత ఒకటే ముద్ద కాకా. తీస్తే అన్ని పోతయి. ఎందుకది నీకు?"

ఎందుకని చెప్పాలి? ఒక యంత్రం గారు అంటే కడుపు నిండుతోందని చెబితే జానీ నవ్వుతాడు. నవ్వకపోతే జాలిపడతాడు, అది ఇంకా కష్టం.

"టైం చెప్తది గదా" అన్నాడు మైసయ్య.

"అలారం పెట్టిస్త తియ్."

రేపు తెస్తానని చెప్పి ఫోన్ జేబులో వేసుకుని వచ్చేశాడు.

ఆదివారం ఐదింటికే లేచి, మొహం కడుక్కుని, మంచం మీద కూర్చున్నాడు. ఆరింటికి ఆ గొంతు పలికింది. జవాబు చెప్పాడు. ఈసారి నొక్కి ఆపలేదు. ఎండ సంగతి విన్నాడు, రీఛార్జి సంగతి విన్నాడు. అంతా అయ్యాక ఆ గొంతు "ధన్యవాదాలు, మైసయ్య గారు" అంది. చివర్లో ఇంకో గారు ఉందని రెండేళ్లలో ఆయనకు తెలియనే తెలియదు. అన్ని రోజులూ దాన్ని తన చేత్తోనే నొక్కేసుకున్నాడు. దుఃఖం పొంగుకొచ్చింది.

మధ్యాహ్నానికి జానీ పని ముగించాడు. ఫోన్ తేలికైపోయింది, చురుగ్గా తిరుగుతోంది. కంపెనీ బొమ్మ లేదు, హాజరు యాప్ ఎక్కింది.

సోమవారం ఆరింటికి గంట మోగింది. నొక్కితే ఆగింది. నోటిదాకా వచ్చిన జవాబు ఎవరికి చెప్పాలో తెలియక మింగేశాడు. ఈదమ్మను సాగనంపి వచ్చిన రోజు గది ఎట్లా ఉందో, మళ్లీ అట్లాగే ఉంది.

గేటు దగ్గర యాప్ తెరిచాడు. చిటికెలో హాజరు పడింది. నౌకరి నిలిచినందుకు సంతోషించాలని తెలుసు, సంతోషం మాత్రం రాలేదు.

రాత్రి కాపలా దిగే కాటమయ్య టార్చిలైటు, అన్నం గిన్నె సంచిలో సర్దుకుంటున్నాడు. నకిరేకల్ దిక్కు మనిషి, ఆయనా ఒంటిగాడే. మూడేళ్లుగా ఈ ఇద్దరూ రోజూ ఇక్కడే తాళాలు మార్చుకుంటారు. ఒకరు ఇగో అంటే ఇంకొకరు తే అంటారు, అంతకు మించి మాట లేదు.

"ఇగో" అని కాటమయ్య తాళాల గుత్తి చాపాడు.

మైసయ్య అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. సిగ్గేసింది, అయినా అన్నాడు.

"కాటమయ్య గారు, రాత్రి మంచిగ గడిచిందా?"

కాటమయ్య గబగబా టోపీ సర్దుకుని, ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.