వల వదిలేసిన రోజు

శ్రీలంక యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన పడవలో, మూడేళ్ల పిల్లగా భీమిలి చేరింది కలైవాణి. ఇక్కడ ఉండే పర్మిట్ ఏటా రెన్యువల్ కావాలి. ఎన్నేళ్లున్నా పరాయిదేనట! ఈసారి తనను చిన్నప్పటి నుంచి ఎరిగిన ఇద్దరు సాక్షులు సాయంత్రంలోగా రాకపోతే వెనక్కి పంపేస్తామన్నాడు ఆఫీసరు.

ఒడ్డున అందరూ పెద్దవల లాగుతున్నారు. చేపలు పడ్డ వలను సగంలో ఎవరూ వదలరు. ఆమె అడగలేక నిలబడింది.

“ఏటే, బొమ్మలా సూత్తన్నావ్?” అన్నాడు ముందు తాడు పట్టిన ఎల్లారావు.

విషయం చెప్పింది. ఎల్లారావు తాడు వదిలేశాడు.

“సేపలు రేపొత్తాయి. పిల్ల పోతే మళ్లీ వత్తాదేటి? నడండర్రా!”

అందరూ వదిలేశారు. వల సముద్రంలోకి జారిపోయింది.

ఇద్దర్ని అడిగిన ఆఫీసరు, ఆఫీసు గది నిండిన తడిబట్టల గుంపును చూసి లేచి నిలబడ్డాడు. పర్మిట్ మీద సంతకం పెట్టాడు.

కలైవాణి కాగితం చూడలేదు. వాళ్ల పంచెల నుంచి గచ్చు మీదకు కారుతున్న సముద్రాన్నే చూస్తూ ఉండిపోయింది.