చూశాను, పని ఆపవద్దు

సైన్యంలో ఆయనకు రెండు పేర్లుండేవి. ఎదురుగా జనరల్ గారు, చాటున గులకరాయి.

రెండో పేరు శిక్షణ రోజుల్లో తోటివాళ్లు పెట్టింది. వాళ్లంతా పదహారో ఏట కేడెట్ బడిలో చేరి, నిద్రలో లేపినా కవాతు చెయ్యగలిగినవాళ్లు. వాళ్ల మధ్యకు ఆయన ఇరవై మూడేళ్ల వయసులో, భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ పట్టాతో, జేబులో ఒకటో రెండో రాళ్లతో వచ్చి పడ్డాడు. మొదటి వారమే డ్రిల్ మాస్టారు ఆయన ముందు నిలబడి, "ఏం డిగ్రీ బాబూ, ఎడమ కాలు ఏదో యూనివర్సిటీలో చెప్పలేదా?" అని అడిగాడు. మైదానమంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

పట్టా పుచ్చుకుని సైన్యంలోకి వచ్చినవాళ్లను అక్కడ 'డిగ్రీవాళ్లు' అనేవారు. డిగ్రీవాళ్లు మేజరు దాకా ఎక్కుతారు, ఆ పైన వాళ్లకు ఊపిరాడదు అని ఒక సామెతలాంటిది ఉండేది. ఆయన ముప్పై ఒక్క ఏళ్లలో ఆ సామెతను అబద్ధం చేశాడు. కొండల్లో సైనిక రహదారులు వేసే విభాగంలో చేరి, ఏ కొండ మీద గీత గియ్యాలన్నా ముందు ఆ కొండ ఎక్కి దిగేవాడు. రాయి రంగు, ఊట రుచి, చెట్టు వంపు చూసి ఇక్కడ వెయ్యొచ్చు, ఇక్కడ వద్దు అనేవాడు. ఆయన వేసిన రోడ్డు ఒక్కటీ జారలేదు. చివరికి ఆ విభాగానికే జనరల్ అయ్యాడు. ఒక డిగ్రీవాడు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

ఆ ఏడాది మంచు పడే లోపు ఒక కొండదారి పూర్తి కావాలి. నలభై రోజులే ఉన్నాయి. నది మలుపులో, కొండ వాలు కింద, రేకుల షెడ్లలో నూట ఇరవై మంది పనిచేస్తున్నారు. అక్కడి సర్వే బాధ్యత ఒక కెప్టెన్‌ది. ఇరవై ఏడేళ్ల అమ్మాయి, ఆయనలాగే భూగర్భశాస్త్రం చదివి వచ్చినది. ఆమె నుంచి ఒక రోజు ఒక కాగితం వచ్చింది.

'శిబిరం పైన వాలులో మూడు చోట్ల నేల పగిలింది. పది రోజుల కిందట బెత్తెడు ఉన్న పగులు ఇప్పుడు జానెడుంది. చెట్లు నదివైపు ఒరుగుతున్నాయి. ఊట నీళ్లు బురదగా వస్తున్నాయి. శిబిరాన్ని ఆరు వందల మీటర్లు దిగువకు మార్చడానికి అనుమతి కోరుతున్నాను. ఎనిమిది రోజుల పని ఆగుతుంది.'

ఆయన ఆ కాగితాన్ని ఆఫీసులో, రెండు సమావేశాల మధ్య చదివాడు. పక్కనే ఆయన కల్నల్ ఉన్నాడు. పదకొండేళ్లుగా ఆయన ఫైళ్లన్నీ చూసేది ఇతనే. ఇతనూ డిగ్రీవాడే.

"పద్దెనిమిదేళ్ల కిందట ఆ కొండంతా నడిచాను. గట్టి రాయి. నాకు తెలిసిన కొండే" అన్నాడు జనరల్. కాగితం అంచున 'చూశాను. పని ఆపవద్దు' అని రాసి సంతకం పెట్టాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాళ్లను జన్మంతా ఎగతాళి చేసిన మనిషి ఆయన.

ఆరో రోజు ఉదయం ఎనిమిది గంటలకు, మనుషులు పళ్లేలు పట్టుకుని వంటశాల ముందు వరసకట్టిన వేళ, వాలు జారింది. వంటశాల, ఆఫీసు షెడ్డు, మరమ్మతుల షెడ్డు నదిలోకి వెళ్లాయి. తొమ్మిది మంది పోయారు.

మధ్యాహ్నానికి జనరల్ హెలికాప్టర్‌లో దిగాడు. కెప్టెన్ మోచేతుల దాకా బురదతో ఎదురొచ్చింది.

"ఎంతమంది?"

"తొమ్మిది మంది సార్. ఏడుగురు దొరికారు."

"నిద్రపోయే షెడ్లు?"

"నాలుగు రోజుల కిందటే దిగువకు మార్పించాను. నా అధికారంలో ఉన్నది అంతే. వంటశాల, వర్క్‌షాపు కదపాలంటే మీ ఆర్డరు కావాలి కదా సార్."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన తలెత్తి కొండ వైపు చూశాడు. పైన గట్టి రాయే, ఆయన చెప్పినట్టే. దాని కింద తడిసి నల్లబడిన మట్టిపొర సబ్బుముక్కలా మెరుస్తోంది. పద్దెనిమిదేళ్ల కిందట ఆ పొర పొడిగా ఉండేది. ఇప్పుడు రోడ్డు కోసం పెట్టిన మందుగుండుకు పైన రాయి బీటలువారి, వాననీళ్లు లోపలికి దిగాయి. కొండ మారింది. మార్చింది తన రోడ్డే.

ఆయన కోటు విప్పి పార అందుకున్నాడు. కాసేపటికి కెప్టెన్ దగ్గరికొచ్చి మెల్లగా అంది: "సార్, మీరిక్కడ ఉంటే మావాళ్లు తవ్వడం మానేసి మిమ్మల్నే చూస్తున్నారు. కొంచెం పక్కకు రండి." ఆయన పార ఆమెకిచ్చి పక్కకు వెళ్లి నిలబడ్డాడు. సాయంత్రం ఆ మిగిలిన ఇద్దరూ దొరికేదాకా అక్కడే నిలబడ్డాడు.

విచారణకు ముగ్గురు అధికారులతో సంఘం వేశారు. అది మొదలవడానికి ముందురోజు కల్నల్ ఆయన గదిలోకి వచ్చి తలుపు వేసి, ఒక మడత కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఫైల్లోంచి తీశాను సార్. ఉన్నది ఈ ఒక్క కాపీయే. అమ్మాయి కాపీ ఆఫీసు షెడ్డుతోపాటు పోయింది. ఇది మీ దాకా రాలేదంటే రాలేదంతే."

జనరల్ కాగితం మడత విప్పి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"మీకోసమే చెప్పట్లేదు సార్. చదువుకున్నవాణ్ని కూర్చోబెడితే ఇలాగే ఉంటుందని రేపటినుంచి అంటారు. మన వెనకాల వచ్చేవాళ్లందరి దారీ మూసుకుపోతుంది. వాళ్లకోసమైనా ఆలోచించండి."

"ఆ అమ్మాయి కూడా మన వెనకాల వచ్చినదే కదయ్యా."

కల్నల్ తలుపు తీశాడు. కాగితం అక్కడే వదిలి వెళ్లాడు.

జనరల్ ఆ కాగితంతోనే ఇంటికి వెళ్లాడు. ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. హాల్లో బల్ల మీద పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుతోంది. ఆయన ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాడు. కల్నల్ మాటలు కూడా దాచలేదు.

"సలహా అడుగుతున్నారా, ఊరికే చెబుతున్నారా?" అంది ఆమె.

"తెలీదు."

"అంటే అడుగుతున్నట్టే." ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టింది. "ముప్పై ఏళ్లుగా నా పిల్లలకి ఒకటే చెబుతున్నాను. లెక్క తప్పితే కొట్టెయ్యండి, చెరపకండి అని. కొట్టేస్తే ఎక్కడ తప్పారో నాకు కనిపిస్తుంది, దిద్దుతాను. చెరిపేస్తే నేనేం చెయ్యను?"

"పై ర్యాంకు రాదు. బహుశా ఇంటికి పంపేస్తారు."

"పంపితే రండి. ఇల్లుందిగా. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పుతుందా?" అని మళ్లీ పెన్ను తీసింది. కానీ ఆ తర్వాత చాలాసేపు ఒకే కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది.

విచారణ గదిలో పొడవాటి బల్ల, దాని వెనక ముగ్గురు. అధ్యక్షుడు కేడెట్ బడి నుంచి వచ్చిన పెద్ద జనరల్. ఒకప్పుడు డ్రిల్ మైదానంలో నవ్వినవాళ్లలో ఆయనా ఒకడు. ముందు కెప్టెన్‌ను పిలిచారు. తను ఏం చూసిందో, ఎప్పుడు రాసిందో తేదీలతో సహా చెప్పింది.

"ఆ కాగితం ఫైల్లో లేదే. మీ దగ్గర కాపీ ఉందా?" అన్నాడు ఒక సభ్యుడు.

"కొండ కిందకి పోయింది సార్."

"అంటే మీ మాట తప్ప ఆధారం లేదన్నమాట."

"లేదు సార్."

జనరల్ లేచి నిలబడ్డాడు. "ఆధారం నా దగ్గరుంది" అని మడత విప్పి బల్ల మీద పెట్టాడు. "నాకు వచ్చింది. చదివాను. అంచున ఉన్న రాత నాదే."

అధ్యక్షుడు కాగితం చదివి, అంచు దగ్గర ఆగి, కళ్లజోడు తీశాడు. "ఏం ఆలోచించి రాశావు?" మీరు అనే మర్యాద పక్కకు జారి, పాత చనువు బయటికొచ్చింది.

"ఆలోచించలేదు. గుర్తు తెచ్చుకున్నానంతే. పద్దెనిమిదేళ్ల నాటి కొండ గురించి నాకు బాగా తెలుసు. ఆమెకు ఈ వారం కొండ గురించి తెలుసు. ఆ తేడా చూడలేదు."

"ఇది ఫైల్లోంచి ఎలా బయటికి వచ్చింది?"

"నా ఆఫీసులో జరిగింది. దానికీ నాదే బాధ్యత."

వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. కల్నల్ లేచాడు. "నేనే తీశాను సార్. ఆయన తియ్యమనలేదు" అన్నాడు.

నెల తర్వాత తీర్పు వచ్చింది. కల్నల్‌ను కింది ర్యాంకుకు దించారు. జనరల్‌ను పదవి నుంచి తప్పించి, గడువుకు ముందే రిటైర్ చేశారు. చివరగా ఏమైనా చెప్పుకోవాలా అని అడిగితే, ఆయన తనకోసం ఏమీ కోరలేదు. ఒక నియమం రాయమన్నాడు. సర్వే అధికారి రాతపూర్వకంగా ప్రమాదం ఉందని చెబితే, దాన్ని కాదనే అధికారి, ఎంతటివాడైనా, ముందు ఆ చోటికి స్వయంగా వెళ్లి చూడాలి. బల్ల దగ్గర కూర్చుని కాదనడానికి వీల్లేదు. సంఘం ఒప్పుకుంది. కల్నల్ భయపడ్డట్టు, డిగ్రీవాళ్ల గురించి కొన్నాళ్లు గుసగుసలు నడిచాయి. తర్వాత ఆగిపోయాయి. కెప్టెన్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనలేకపోయారు.

రిటైరయ్యాక ఆయన తొమ్మిది ఇళ్లకు బయల్దేరాడు. భార్య వస్తానంది. "వద్దు, ఇది నేను వెళ్లాల్సిన దారి" అన్నాడు. యూనిఫాం లేదు, కారు లేదు. బస్సుల్లోనే తిరిగాడు. ఒక ఇంట్లో తలుపు తియ్యలేదు. మరో ఇంట్లో పోయినవాడి అన్న చొక్కా పట్టుకుని లాగి, మళ్లీ తనే వదిలేశాడు. ఒక ఇంట్లో పోయినవాడి భార్య ఆయన చెప్పిందంతా విని, "సరేనండి" అని ఒక్కటే అంది. ఆ మాట ఆయనకు దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఏడో ఇల్లు శిబిరంలో వంటచేసే కుర్రవాడి తల్లిది. ఆమె వీధిలోకి తెరుచుకునే చిన్న గదిలో ఇస్త్రీ చేసి బతుకుతోంది. ఆయన తానెవరో, ఆ కాగితం సంగతేమిటో చెప్పాక కూడా ఇస్త్రీ పెట్టె దించలేదు. చొక్కా చెయ్యి ఒకటి పూర్తిచేసి, అడిగింది:

"ఆ కాగితం చదవడానికి ఎంతసేపు పట్టింది బాబూ?"

"రెండు నిమిషాలమ్మా."

"చదివితే అర్థం కాలేదా?"

"అయింది. ఆ అమ్మాయికన్నా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను."

ఆమె చొక్కా తిరగేసింది. కాలర్ మీద నీళ్లు చిలకరించింది. "మావాడూ అంతే" అంది. "మాడు వాసనొస్తోందిరా అంటే, నీ ముక్కుదే తప్పు అనేవాడు." నవ్వబోయింది. నోరు వంకరపోయింది. పెట్టెను పక్కకు నిలబెట్టి, ఇస్త్రీ చేసిన చొక్కాలోనే ముఖం దాచుకుని ఏడ్చింది. ఇన్ని నెలల్లో ఒక్కసారీ ఏడవలేదని పక్కింటావిడ గుమ్మంలోంచి చెప్పింది.

ఓదార్చే హక్కు తనకు లేదని ఆయనకు అనిపించింది. అలాగని వెళ్లిపోనూ లేదు. అక్కడున్న ముక్కాలి పీట మీద కూర్చుండిపోయాడు.

చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది. తడిసిన చొక్కా విప్పి పరిచి, మళ్లీ మొదటినుంచి ఇస్త్రీ మొదలుపెట్టింది. ఆయన లేచి చేతులు జోడించాడు.

"ఇంకా ఎంతమంది ఉన్నారు?" అంది తలెత్తకుండా.

"ఇద్దరి ఇళ్లున్నాయమ్మా."

"పొద్దు వాలకముందే వెళ్లండి. ఆలస్యమైతే బస్సులుండవు."