డ్రమ్ము తొలి దెబ్బ

"పన్ను పీకించుకోనన్ననా? సీజన్ అయినంక అన్న," అన్నాడు జాన్, మజ్జిగన్నం మెత్తగా పిసుకుతూ.

"సీజన్ నిన్ననే అయిపాయె. మూఢం పట్టింది. ఇగ పెండ్లెక్కడిది?" ఒళ్ళోని బీడీల చాట దించకుండానే అడిగింది భార్య ఎస్తేర్.

"ఇయ్యాల హాస్టల్ల వాయించేది ఉన్నది."

"అది అయినంక ఇంకోటి. బాపూ, నీకు షుగర్ ఉన్నది." చెప్పులు తొడుక్కుంటున్న కూతురు లిదియా గుమ్మంలోనే ఆగింది. ఆమె కామారెడ్డిలో ఒక మందుల దుకాణంలో పని చేస్తుంది. "చీము దవడకెక్కితే గోలీలతోటి తగ్గది. డాక్టరమ్మ ఏమన్నదో నువ్వు గూడ ఇన్నవ్."

"ఇన్న. ఆ పన్ను పీకితె బూర ఊదరాదని గుడ అన్నది. అది నువ్వు ఇన్లేదా?"

మూలన కూర్చున్న జాన్ తల్లి మరియవ్వ గొణిగింది. "మీ నాయిన అన్ని పండ్లతోటే మట్టిలకు పోయిండు. ఏం జేసుకున్నడు? ఒక్క మక్కకంకి గుడ ఎంట తీస్కపోలె."

లిదియా నవ్వింది. జాన్ నవ్వలేదు. నవ్వితే పై పెదవి వెళ్ళి పన్నుకు తగులుతుంది.

బక్కపలచని మనిషి జాన్. పైపెదవి మధ్యలో బూర మూతి ఒత్తుకుని ఒత్తుకుని గుండ్రంగా నల్లటి మచ్చ పడింది. సరిగ్గా ఆ మచ్చ వెనుక ఉన్న పన్నే ఇప్పుడు ఊగుతోంది. నోట్లోని గాలినంతా ఆ పన్ను మీద ఆనించే ఊదాలి. అది పోతే గాలి నిలవదు, స్వరం నిలవదు. పెళ్ళిబ్యాండులో బూర తప్ప అతనికి వేరే పని రాదు. పొలం పనికి నడుము వంగదు. ఎల్లారెడ్డిలో అతన్ని జాన్ అని పిలిచేవాళ్ళు తక్కువ. బూర జాన్ అంటేనే తెలుస్తుంది. ఇవన్నీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెయ్యి కడుక్కుని, కుడిపక్క దవడతో రెండు లవంగాలు నమిలి, ఎర్రకోటు చంకన పెట్టుకుని బయలుదేరాడు.

ట్రాలీ ఆటోలో అందరూ ఎక్కేసి ఉన్నారు. ముందు డ్రైవరు పక్కన బ్యాండు యజమాని చక్రధర్. వెనుక పెద్ద డ్రమ్మును కాళ్ళ మధ్య పెట్టుకుని హన్మంతు. మీసాలు మొలవకముందు నుంచి జాన్‌దీ, హన్మంతుదీ ఒకే బ్యాండు. చక్రధర్ నాయన పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. పెళ్ళిళ్ళు ముగిసి బడులు తెరిచాక ఏదో ఒకచోట పైసా తీసుకోకుండా వాయించాలి. "పెండ్లిల మనదిక్కు ఎవడు సూస్తడు? పోరగాండ్లయితె సూస్తరు," అంటాడు చక్రధర్. ఈసారి కామారెడ్డి బాలికల హాస్టల్.

"ఇంక ఊడలేదా?" అన్నాడు హన్మంతు.

"ఊడితె నీ డ్రమ్ముల ఏస్త. గలగలమంటది."

"గా నస్రుల్లాబాద్ పెండ్లిల వానకే ఊడుతదనుకున్న. బూరలకెల్లి నీళ్ళు, నోట్లకెల్లి నీళ్ళు."

"దోమకొండల డీజే కరాబైతే పిల్లగాని మామ ఉరికొచ్చిండు, యాదున్నదా? అప్పటిదాంక మనను ఎండల నిలవెట్టిండు."

"నాకు బిర్యానీ యాదున్నది." హన్మంతు భుజం రుద్దుకున్నాడు. "ఈసారి డ్రమ్ము బరువైందిరా. నిద్ర గుడ వడతలేదు."

"బరువైంది డ్రమ్ము గాదు, నీ బొర్ర."

ఆటోలో అందరూ నవ్వారు. హన్మంతు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

హాస్టల్ ముంగిట్లో ఆడపిల్లలు వరుసలు కట్టి కూర్చున్నారు. ఏ పాటకైనా హన్మంతు రెండు దెబ్బలు వేస్తాడు. మొదటి దెబ్బకు జాన్ గాలి పీల్చుకుంటాడు, రెండో దెబ్బకు బూర ఎత్తుకుంటాడు. జాన్ ముందు నిలబడతాడు, హన్మంతు వెనుక. ఇన్నేళ్ళలో జాన్ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూడవలసిన అవసరం రాలేదు.

నాలుగైదు పాటలయ్యాక పిల్లల్ని దగ్గరికి రానిచ్చారు. ఒకమ్మాయి బూర ఊదబోతే తుస్సుమంది. మిగిలిన వాళ్ళు పకపకమన్నారు. హన్మంతు మెట్టు మీద కూర్చుని, డ్రమ్మును ముందుకు జరిపి, వచ్చిన ప్రతి పిల్లకూ కర్ర ఇచ్చి కొట్టించాడు. "గట్లగాదు బిడ్డా, మెల్లగ. అది నీ తోటికోడలు గాదు," అన్నాడు.

పిల్లలు మళ్ళీ వరుసల్లోకి వెళ్ళారు. ఆఖరి పాటకు చక్రధర్ చెయ్యెత్తాడు. జాన్ బూరను పెదవికి ఆనించాడు. పన్ను జివ్వున లాగింది. ఓర్చుకుని దెబ్బ కోసం ఆగాడు.

దెబ్బ పడలేదు.

హన్మంతు పరాచికమాడుతున్నాడనుకున్నాడు. పిల్లలు ఎదురుచూస్తున్నారు. చక్రధర్ చెయ్యి గాలిలోనే ఉంది. ముందు వరుసలోని ఒక పిల్ల జాన్‌ను దాటి వెనక్కి చూస్తోంది. జాన్ తిరిగాడు.

హన్మంతు అలాగే మెట్టు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ డ్రమ్ము మీద ఉన్నాయి. కర్ర చేతిలోనే ఉంది. గడ్డం డ్రమ్ము అంచుకు ఆనింది.

"అరే హన్మంతూ," అన్నాడు జాన్. "లెవ్వురా, పోరగాండ్లు సూస్తున్నరు."

అంబులెన్సు త్వరగానే వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు కూడా ఎక్కువసేపు చూడలేదు. వచ్చిన ట్రాలీలోనే హన్మంతును పడుకోబెట్టి ఎల్లారెడ్డికి తెచ్చారు. దారి పొడవునా జాన్ ఎర్రకోటు విప్పలేదు. ఆటో గుంతలో పడినప్పుడల్లా, దెబ్బ తగులుతుందేమోనని హన్మంతు తలను పట్టుకున్నాడు.

పొద్దు వాలకముందే పాడె లేచింది. చనిపోయింది బ్యాండు మనిషి. బ్యాండు లేకుండా తీసుకుపోవడం ఉండదు. చక్రధర్ వచ్చి, "డ్రమ్ము ఎవరికిద్దాం?" అని అడిగాడు. ఎవరూ చెయ్యి చాపలేదు. డ్రమ్ము లేకుండానే నడిచారు.

జాన్ బూరెత్తాడు. ఎక్కడ గాలి పీల్చుకోవాలో తెలియలేదు. అతను ఎత్తుకున్నప్పుడు క్లారినెట్లు రాలేదు, క్లారినెట్లు వచ్చేటప్పటికి అతని ఊపిరి అయిపోయింది. పాట ముక్కలైంది. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ తెగింది. పాడె పక్కన నడుస్తున్న హన్మంతు భార్య బాలలక్ష్మి ఏడుపు ఆపి తలెత్తింది.

"ఏంది జానన్నా ఇది?" అంది. "ఆయన లేకపోతె మీకు పాటనే రాదా?"

జాన్ బూర దించేశాడు. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. మిగిలిన దారి అందరూ చప్పుడు లేకుండా నడిచారు.

బ్యాండు సామాను పెట్టే దుకాణం తాళంచెవి చక్రధర్ దగ్గరే ఉండిపోయింది. డ్రమ్మును జాన్ ఇంట్లో దించి పోయారు. జాన్ స్నానం చేసి వచ్చేసరికి దీపాల వేళయింది. ఎస్తేర్ చాట ముట్టలేదు. మందుల దుకాణం నుంచి వచ్చిన లిదియా గోడకు ఆనుకుని నిలబడింది. మరియవ్వ పెదవులు ప్రార్థనలో కదులుతున్నాయి. పొద్దుటి మాట ఎవరూ ఎత్తలేదు.

"రేపు నీతోటి వస్త బిడ్డా," అన్నాడు జాన్. "పన్ను పీకించుకుంట."

లిదియా ఉలిక్కిపడి తల్లి వైపు చూసింది. గెలిచినట్టు ఇద్దరికీ అనిపించలేదు.

"ఇగ బ్యాండుకు పోవా?" మెల్లగా అడిగింది ఎస్తేర్.

"పోత. బూరకు ఎవరన్న దొరుకుతరు. చక్రధరన్నకు చెప్పిన. మూఢం పోయినంక డ్రమ్ము నేనే కొడుత."

"నీ భుజం ఆగుతదా?" అంది ఎస్తేర్. వద్దని అనలేదు. మరియవ్వ ప్రార్థన ఆపింది.

జాన్ డ్రమ్ము వైపు చూశాడు. గోడవారన ఉన్న డ్రమ్ము పట్టీకి, భుజం కోసుకోకుండా బాలలక్ష్మి తన పాత చీరముక్కను మడతలు వేసి కుట్టిచ్చిన మెత్త ఉంది. పొద్దుటి చెమటకు తడిసిన ఆ మెత్త ఇంకా ఆరలేదు.